ఆసుపత్రిని గట్టి చేయాలంటే ముందు జనరేటర్ గదికి వెళ్లండి

2021 నవంబర్‌లో పెన్న పొంగిన రాత్రి నెల్లూరులో మా ఆసుపత్రి జనరేటర్ గదిలోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. బిల్డింగ్‌కు ఒక్క పగులు కూడా లేదు, కానీ కరెంటు పోయింది. పైన ఐసీయూలో ఒక సిస్టర్ సెల్‌ఫోన్ వెలుతురులో చేతులు మార్చుకుంటూ అంబు బ్యాగ్ (రోగికి ఊపిరి అందించే చేతి సంచి) నొక్కుతూనే ఉంది. నీళ్లు తీశాక గోడ మీద బురద చార చూశాను, జనరేటర్‌లో కరెంటు పుట్టించే భాగం, ఆల్టర్నేటర్ కన్నా రెండంగుళాలు పైన ఉంది. దాని పక్కనే పెయింట్‌తో తేదీ రాయించాను. ఆసుపత్రి మెయింటెనెన్స్ చూసేవాడిగా మిగతా పనులన్నీ ఆ చార నుంచే లెక్కగట్టాను.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు తుఫాను, వరద కొత్త కాదు. భూకంపాన్ని మాత్రం మర్చిపోతాం. 1967లో ఒంగోలు దగ్గర గట్టిగానే వచ్చింది. 2024 డిసెంబర్‌లో ముండ్లమూరు, తాళ్లూరు వైపు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. అందుకే ఏ పని చేయించినా మూడింటికీ సరిపోతుందా అని చూసుకోండి.

జనరేటర్‌నే తీసుకుందాం. మీ దగ్గర నీళ్లు ఎంతవరకు వచ్చాయో చుట్టుపక్కల పెద్దవాళ్లను అడిగి, దానికి రెండడుగులు పైన కాంక్రీట్ దిమ్మె కట్టించండి. వరదకు ఇది చాలు, భూకంపానికి చాలదు. రబ్బరు ప్యాడ్ల మీద ఊరికే కూర్చున్న జనరేటర్ దిమ్మె మీద నుంచి జారుతుంది. నాలుగు వైపులా ఇనుప స్టాపర్లు బోల్టులతో బిగించి, డీజిల్ పైపుకు వంగే గొట్టం వేయించండి. మెయిన్ ప్యానెల్ కింద ఉంటే మొదటి అంతస్తుకు మార్చండి. ఖర్చు ఎక్కువే, అయినా దీన్ని వాయిదా వేయొద్దు.

గాలికి లేస్తాయని రేకుల మీద ఇసుక మూటలు పెడుతుంటారు. భూమి కదిలితే అవే కింద మనుషుల మీద పడతాయి. మూటలు దించేసి, రేకులను బోల్టులతో బిగించండి, అంచుల్లో దగ్గర దగ్గరగా. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులను పట్టీలతో కట్టి, తుఫాను ముందు నిండా నీళ్లు పట్టండి. సంపు మూత కూడా వరద చార కన్నా పైకి రావాలి, లేకపోతే తాగే నీళ్లు పాడవుతాయి.

ఆక్సిజన్ సిలిండర్లకు కింద ఒకటి, పైన ఒకటి, రెండు గొలుసులు ఉండాలి. కొక్కేలు ప్లాస్టరింగ్‌లో కాదు, పిల్లర్‌లోకో బీమ్‌లోకో దిగాలి. మా మేస్త్రి బిగించిన మొదటి కొక్కెం నేను చేత్తో లాగితేనే ఊడి వచ్చింది. అప్పటి నుంచి ప్రతిదీ నా బరువంతా వేసి లాగి చూస్తున్నాను. మందుల బీరువాలకూ ఇదే పద్ధతి.

కింద పార్కింగ్‌కు వదిలి పిల్లర్ల మీద కట్టిన ఆసుపత్రి అయితే స్ట్రక్చరల్ ఇంజనీరును తప్పకుండా పిలవండి. 2001 భూకంపంలో గుజరాత్‌లోని భుజ్‌లో ప్రభుత్వ ఆసుపత్రే కూలిపోయింది. కాంక్రీట్ టెస్టు చేశాక జాకెటింగ్ చెప్పవచ్చు, అంటే పిల్లర్ చుట్టూ కొత్త ఊచలు కట్టి కాంక్రీట్‌తో లావు చేయడం. ఆసుపత్రి మూయనక్కర్లేదు, ఒక్కో వార్డు ఖాళీ చేస్తూ చేయించవచ్చు. దుమ్ము ఐసీయూ వైపు పోకుండా నేల నుంచి సీలింగ్ దాకా షీటు కట్టించండి.

పనులయ్యాక నెలకోసారి, ఐసీయూకు ముందే చెప్పి, మెయిన్ ఆపండి. ఎన్ని సెకన్లకు లైట్లు వచ్చాయో గడియారం చూసి రిజిస్టర్‌లో రాయండి.