మహీంద్రా థార్ జీపులో టైర్లకు గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్ బిగించే ముందు

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. పాజిటివ్‌తో మొదలుపెడితే, స్పానర్ బాడీకి తగిలిన క్షణమే నిప్పురవ్వలు లేస్తాయి.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఎగ్జాస్ట్ వేడి తగలకూడదు. కంప్రెసర్ గాలి పీల్చే ఫిల్టరు వాగు నీటికి అందనంత ఎత్తులో ఉండాలి. కంప్రెసర్ నెత్తిన పిల్లల బంకమట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి. ముద్ద పూర్తిగా అణిగిపోతే ఆ చోటు పనికిరాదు. నవ్వొచ్చినా సరే, టేపు కొలత కంటే నేను దీన్నే నమ్ముతాను.

జంట మోటార్ల 12 వోల్టుల కంప్రెసర్ 50 ఆంపియర్లకు పైగా కూడా లాగగలదు. దానికి తగిన మందం తీగ, రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపే పరికరం) తప్పనిసరి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే ఫ్యూజుకు ముందు తీగ ఒరిసినా కాపాడేది ఏదీ ఉండదు.

గాలి బాగా వేడెక్కి బయటికొస్తుంది కాబట్టి మొదటి గొట్టం స్టీలు అల్లికదే వాడండి. ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు జోలికి మాత్రం వెళ్లకండి, పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గాలి నిల్వకు ట్యాంకు కూడా పెడుతుంటే, ఒత్తిడి మితిమీరినప్పుడు గాలి వదిలేసే సేఫ్టీ వాల్వు దానికి ఉందో లేదో చూసుకోండి.

కళ్లకు రక్షణ అద్దాలు, సబ్బునీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. సబ్బునీళ్లు చల్లినప్పుడు బుడగ కనిపించిందంటే అక్కడ గాలి కారుతున్నట్టే; అలాంటి ప్రతి జాయింటునూ గాలి పూర్తిగా వదిలేశాకే బిగించాలి.