మీ బండి ఇంజన్ కంప్రెషన్ రేషియో మీరే లెక్కకట్టడం ఎలా?

మెకానిక్ గేజ్ పెట్టి చూసి "కంప్రెషన్ పోయింది" అంటే, రేషియో తగ్గిందని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. గేజ్ చూపేది సిలిండర్‌లోని గాలి ఒత్తిడి; కంప్రెషన్ రేషియో అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం జాగా, అది పైకి వచ్చాక మిగిలే జాగాకి ఎన్ని రెట్లో చెప్పే లెక్క. పిస్టన్ రింగులు అరిగినా, వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా గేజ్ పడిపోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, గాలి కాస్త పలచన. అందుకే అదే బండికి విశాఖలో గేజ్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. రేషియో మాత్రం రెండు ఊళ్లలోనూ ఒకటే, ఎందుకంటే అది ఇంజన్ లోపలి కొలతల లెక్క.

ముందు బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) తెలుసుకోండి. బోర్ 50 మి.మీ., స్ట్రోక్ 49.5 మి.మీ. అనుకుందాం. సెంటీమీటర్లలోకి మార్చి 0.7854 × 5 × 5 × 4.95 వేస్తే 97.2 సీసీ (0.7854 అంటే π లో నాలుగో వంతు). పిస్టన్ కదిలే జాగా ఇదే.

తర్వాత, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక ఇంకా మిగిలే జాగా కొలవాలి. అసలు పని ఇక్కడే ఉంది. హెడ్ లోపలి గుంట, హెడ్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ మందం, పిస్టన్ పైభాగం ఉబ్బెత్తుగా ఉందా పల్లంగా ఉందా, అన్నీ ఇందులో కలుస్తాయి. ఇంజన్ దింపి ఉంటే ఒక తేలిక పద్ధతి ఉంది. రెండు వాల్వులూ మూసి ఉండగా పిస్టన్‌ను పైన ఆపండి. ప్లగ్ రంధ్రం అన్నిటికంటే ఎత్తులో ఉండేలా ఇంజన్‌ను వంచండి. మెడికల్ షాపులో దొరికే 10 ఎంఎల్ సిరంజితో ఇంజన్ ఆయిల్‌ను ప్లగ్ రంధ్రంలోని థ్రెడ్ల అడుగు దాకా నింపుతూ ఎంత పట్టిందో రాసుకోండి. రింగుల పక్క నుంచి కారుతుంది కాబట్టి త్వరగా కానివ్వాలి. కొలిచాక ప్లగ్ పెట్టకుండానే ఇంజన్ తిప్పి ఆయిల్ మొత్తం బయటికి పంపండి. ఆయిల్ గాలిలా నలగదు కాబట్టి, ఇది మరిచిపోతే పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు!

10.8 ఎంఎల్, అంటే 10.8 సీసీ పట్టిందనుకోండి. 97.2, 10.8 కలిపి 10.8తో భాగిస్తే సరిగ్గా 10.

అదే బండికి పాతదానికంటే 0.4 మి.మీ. పలచని గ్యాస్కెట్ వేస్తే 0.8 సీసీ తగ్గి రేషియో 10.7 అవుతుంది. బోర్ అర మిల్లీమీటరు పెంచితే మాత్రం 10.2 దగ్గరే ఆగుతుంది. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గ్యాస్కెట్ కొనేముందు పాతదాని మందం వెర్నియర్‌తో కొలుచుకుని వెళ్లండి. పేరుకున్న మసి కూడా జాగా తినేసి రేషియో పెంచుతుంది, గీకించేయండి.

కొత్త గ్యాస్కెట్ వేశాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్‌లో టకటక మోత వస్తే, రేషియో ఎక్కువైనట్టే; పాత మందానిదే మళ్లీ వేయించండి.