కల్పిత రాజ్యానికి పట్టాభిషేకం రాయడం ఎలా

మీ కథలోని రాజ్యానికి పట్టాభిషేకం రాసేటప్పుడు కిరీటంతో మొదలుపెట్టకండి. ఈ వ్యక్తిని రాజుగా ఒప్పుకోనివారు ఎవరు, ఎందుకు అన్నది ముందుగా తేల్చుకోండి, ఎందుకంటే క్రతువులో చాలా భాగం ఆ సందేహానికి జవాబుగానే నిలుస్తుంది. 1674లో రాయగఢ్‌లో పట్టాభిషేకానికి ముందు శివాజీకి కాశీ పండితుడు గాగాభట్టు ఉపనయనం జరిపించింది, ఆయన క్షత్రియత్వాన్ని కొందరు పండితులు అంగీకరించనందువల్లనే.

తరువాత అభిషేక జలం సంగతి చూడండి. రామాయణంలో వానరులు నాలుగు సముద్రాల నుంచి, అయిదు వందల నదుల నుంచి నీళ్లు తెస్తారు. మీ రాజ్యంలో ఏ సామంతుడి కలశం రాలేదో చెబితే చాలు, రాజకీయమంతా పాఠకుడికి అందుతుంది. రాముడికి శత్రుఘ్నుడు తెల్లగొడుగు పట్టగా, సుగ్రీవ విభీషణులు, అంటే స్వయంగా రాజులైనవారే, చెరొక వింజామర వీచారు. కాబట్టి ఎవరి చేతిలో ఏముందో జాగ్రత్తగా నిర్ణయించండి.

అంతా బహిరంగంగా జరిపించవద్దు. 1953లో రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని టెలివిజన్‌లో ప్రసారం చేసినా, తైలాభిషేక ఘట్టాన్ని మాత్రం చూపలేదు. ఆ మరుగే దాని పవిత్రతను నిలిపిందని నా నమ్మకం.

ఊరేగింపును, విందును రెండు వాక్యాల్లో ముగించవచ్చు. ప్రమాణాన్ని మాత్రం పూర్తిగా రాయండి, రాజు మున్ముందు తప్పబోయే మాట అందులో ఉండేలా చూసుకోండి.