దొరికిన డేటా అంతా పోగేయకండి: బ్రాండ్ సైటుకి అనలిటిక్స్ పెట్టుకునే పద్ధతి

అనలిటిక్స్ అంటే సైటుకి ఎంతమంది వస్తున్నారు, ఎక్కడి నుంచి వస్తున్నారు అని లెక్కపెట్టే టూల్స్. అవి పెట్టుకునే ముందు ఒక చిన్న పని చేయండి. మీ బ్రాండ్ సైటుని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి పేజీని ఒకసారి రీఫ్రెష్ కొట్టండి. కుకీలకి (బ్రౌజర్‌లో సైటు దాచుకునే చిన్న గుర్తులు) అనుమతి అడిగే బ్యానర్ వస్తే దాన్ని ముట్టుకోవద్దు. స్క్రీన్ మీద వరసగా లైన్లు పడతాయి, వాటిలో మీ డొమైన్ పేరు లేనివన్నీ బయటివాళ్లకి వెళ్తున్న రిక్వెస్టులు. కొన్ని ఫాంట్లు, బొమ్మలు ఉంటాయి. మిగిలినవి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే, ఎప్పుడో అయిపోయిన క్యాంపెయిన్ కోసం పెట్టి మర్చిపోయిన పిక్సెల్ (యాడ్ కంపెనీకి కబురు పంపే చిన్న కోడ్), డబ్బు కట్టడం మానేసినా కోడ్ మాత్రం అలాగే ఉండిపోయిన హీట్‌మ్యాప్ టూల్ (జనం పేజీలో ఎక్కడ నొక్కుతున్నారో రంగుల్లో చూపించేది), ఏ ఏజెన్సీ పెట్టిందో ఆఫీసులో ఎవరికీ గుర్తులేని ట్యాగ్ (ఇలాంటి కోడ్ ముక్కే), ఇలాంటివన్నీ బయటపడతాయి. నేను చూసిన సైట్లలో ఈ పాత సామాను లేని సైటు దాదాపు లేదు.

ఇంకో సంగతి గమనించారా? బ్యానర్ మీద మీరు ఇంకా ఏమీ నొక్కలేదు. అయినా ఇవన్నీ వెళ్లిపోతున్నాయంటే ఆ బ్యానర్ గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ తోరణం లాంటిది, చూడ్డానికే.

ఇప్పుడు ట్యాగ్ మేనేజర్ (ఈ ట్యాగులన్నిటినీ ఒకచోట పెట్టి నడిపే టూల్) తెరిచి, ఉన్న ట్యాగులన్నీ ఒక షీట్‌లో రాసుకోండి. ప్రతిదాని పక్కన రెండు మాటలు: దీని రిపోర్టు ఎవరు చూస్తారు, చివరిసారి ఎప్పుడు చూశారు. జవాబు లేనివాటిని వెంటనే తీసేయడానికి ధైర్యం చాలకపోతే పాజ్‌లో పెట్టండి. నెల తిరిగినా ఎవరూ అడగరు. అప్పుడు తీసేయండి, పేజీ కూడా కొంచెం తొందరగా తెరుచుకుంటుంది.

ప్రశ్న రాశాకే టూల్

మార్కెటింగ్ వాళ్లం ఎక్కువగా చేసే తప్పు ఏంటంటే, ముందు టూల్ పెట్టేసి, అది ఇచ్చేదంతా పోగేసి, తర్వాత ఇందులో ఏం కనబడుతుందా అని వెతకడం. "ఉంచుదాం, ఎప్పుడో పనికొస్తుంది" అంటాం. అటక మీద పెట్టిన వస్తువులు ఎన్ని పనికొచ్చాయో మనందరికీ తెలుసు. పైగా అటక మీది సామాను ఎవరికీ హాని చేయదు, జనం డేటా అలా కాదు, లీకైన రోజున మెడకు చుట్టుకుంటుంది.

అందుకని తిరగేసి చేయండి. వచ్చే మూడు నెలల్లో మీరు తీసుకోవాల్సిన నిర్ణయాలు నాలుగైదు రాయండి. ఉదాహరణకి, ఏ ఛానెల్‌కి బడ్జెట్ తగ్గించాలి? కార్ట్ దాకా వచ్చినవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు? ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ వస్తున్నారా? మొదటిదానికి ఏ సోర్స్ నుంచి ఎన్ని ఆర్డర్లు అన్న లెక్క చాలు. రెండోదానికి ఒక్కో మెట్టులో ఎంతమంది అన్నది చాలు. మూడోదానికి అసలు అనలిటిక్సే అక్కర్లేదు, మీ ఆర్డర్ల డేటాబేస్‌లోనే ఉంది. చూశారా, వయసు, ఇష్టాయిష్టాలు, సైటులో మౌస్ ఎక్కడెక్కడ తిరిగింది, వీటిలో ఒక్కటీ అవసరం పడలేదు.

టూల్ సంగతికొస్తే, గూగుల్ యాడ్స్ మీద గట్టిగా ఖర్చుపెట్టేవాళ్లకి జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4) తప్పదు, ఆ రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టి. కంటెంట్ సైటో, చిన్న కేటలాగో అయితే ప్లాజిబుల్, ఫాథమ్ లాంటివి చూడండి, కుకీలు పెట్టకుండానే పేజీ వ్యూలు, సోర్సులు చెప్తాయి, రిపోర్టు ఒక్క పేజీలో అయిపోతుంది. డేటా మన సర్వర్‌లోనే ఉండాలనుకుంటే మటోమో ఉంది, దానికి మాత్రం సర్వర్ చూసుకునే మనిషి కావాలి. ఏదైనా సరే ఒక్కటే పెట్టుకోండి. రెండు టూల్స్ పెట్టిన చోట మీటింగ్ అంతా "ఇందులో ఇంత ఎందుకు, అందులో అంత ఎందుకు" అన్నదాంతోనే గడిచిపోతుంది, నిర్ణయం మాత్రం పై వారానికి వాయిదా.

జీఏ4 తీసుకుంటే మొదటి రోజే చూడాల్సిన సెట్టింగు డేటా రిటెన్షన్, అంటే డేటా ఎన్నాళ్లు దాచాలన్నది. డిఫాల్ట్‌గా 2 నెలలు ఉంటుంది, ఉచిత వెర్షన్‌లో 14 నెలల దాకా పెంచుకోవచ్చు. ఇది ఎక్స్‌ప్లోరేషన్స్‌కి (మనమే కట్టుకునే లోతైన రిపోర్టులకి) వర్తిస్తుంది, మామూలు రిపోర్టులకి కాదు. నిరుటి సీజన్‌తో పోల్చాల్సిన అవసరం నిజంగా ఉంటే పెంచండి, లేకపోతే అలాగే వదిలేయండి. నెల నెలా మొత్తాల లెక్కలు మాత్రం మీ షీట్‌లోకి దించుకోండి. జీఏ4కి ముందున్న యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1న కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది, ఏడాది తర్వాత పాత రిపోర్టులు కూడా అందకుండా పోయాయి. దించుకోనివాళ్లకి ఏళ్ల చరిత్ర గల్లంతు.

అంకెని ఎంతవరకు నమ్మాలి

'యూజర్లు' అన్న అంకె మనుషుల సంఖ్య కాదు. అది బ్రౌజర్లలో ఉన్న కుకీల సంఖ్యకి దగ్గరగా ఉండే ఏదో ఒకటి. ఫోన్‌లో చూసి ల్యాప్‌టాప్‌లో కొన్న మనిషి లాగిన్ కాకపోతే ఇద్దరు. సఫారీలో అయితే స్క్రిప్టుతో పెట్టిన కుకీ 7 రోజులకే పోతుంది, అంటే పది రోజుల తర్వాత మళ్లీ వచ్చిన పాత మనిషి కొత్తవాడిగా పడతాడు. యాడ్ బ్లాకర్ ఉన్నవాళ్లు చాలామంది అసలు లెక్కలోకే రారు. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ (మీ సైటు కాకుండా బయటివాళ్లు పెట్టే) కుకీలని పూర్తిగా ఆపేసింది, ఫైర్‌ఫాక్స్ ట్రాకింగ్ కుకీలని 2019 నుంచే డిఫాల్ట్‌గా ఆపుతోంది. క్రోమ్ 2020లో తీసేస్తామని చెప్పి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి కుకీలు పోతున్నాయి, ప్రపంచం మునిగిపోతోంది అని ఎవరైనా టూల్ అమ్మడానికి వస్తే కంగారు పడొద్దు. అలాగని క్రోమ్‌ని చూసుకుని నిశ్చింతగా ఉండడమూ కుదరదు.

నేను పాటించే పద్ధతి ఇది: డబ్బు లెక్క ఎప్పుడూ ఆర్డర్ల డేటాబేస్ నుంచే, అనలిటిక్స్ నుంచి కాదు. అనలిటిక్స్‌లో చూసేది పోయిన నెలకీ ఈ నెలకీ తేడా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే.

ఈమెయిల్ ఓపెన్ రేటుని పూర్తిగా పక్కన పెట్టేయండి. 2021 సెప్టెంబరులో యాపిల్ మెయిల్‌లో కొత్త ప్రైవసీ ఫీచర్ వచ్చాక, అది ఆన్ చేసుకున్నవాళ్ల మెయిల్స్‌లో బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి, మనిషి తెరవకపోయినా తెరిచినట్టే పడుతుంది. క్లిక్కులు, ఆర్డర్లు చూడండి.

యూటీఎం లింకులు

మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలిసేలా లింకు చివర తగిలించే చిన్న మాటలే యూటీఎం. ఇవి పాతకాలపువి, అయినా నాకు చాలా ఇష్టం. ఎందుకంటే వీటికి మనిషి వెనకాల పడాల్సిన పని లేదు, లింకే తాను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తుంది. ఇబ్బందల్లా క్రమశిక్షణే. ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఒకరు, పెద్ద అక్షరంతో ఇంకొకరు రాస్తే రిపోర్టులో రెండు వేరు సోర్సులైపోతాయి, అందుకని అన్నీ చిన్న అక్షరాల్లోనే అని టీమ్‌లో తేల్చేసుకోండి. సోర్స్ అంటే ఏ ప్లాట్‌ఫామ్, మీడియం అంటే ఏ రకం (డబ్బు కట్టిన యాడా, మామూలు పోస్టా, ఈమెయిలా), క్యాంపెయిన్ అంటే మీరు పెట్టిన పేరు. అందరూ ఒకే షీట్ నుంచి లింకులు తయారుచేసుకోవాలి. మీ సైటులోపలి లింకులకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో యూటీఎం తగిలించొద్దు, ఈమెయిల్ నుంచి వచ్చిన మనిషి హోమ్ పేజీ బ్యానర్ నొక్కగానే ఆ ఆర్డర్ క్రెడిట్ బ్యానర్ ఖాతాలోకి పోతుంది, ఈమెయిల్ టీమ్ లబోదిబోమంటుంది.

లింకుల సంగతి వచ్చింది కాబట్టి నేను చేసిన తప్పు కూడా చెప్పేస్తాను. ఒక క్లయింటు సైటులో సైన్ అప్ ఫారమ్ నింపాక వచ్చే థాంక్యూ పేజీ అడ్రసులో ఆ మనిషి ఈమెయిల్ ఐడీ కనబడేది, డెవలపర్ సౌకర్యం కోసం అలా పెట్టాడు. అక్కడి అనలిటిక్స్ పేజీ అడ్రసుని ఉన్నదున్నట్టు పంపించేది, అలా నెలల తరబడి జనం ఈమెయిల్ ఐడీలు మా రిపోర్టుల్లోకి, అక్కడున్న యాడ్ పిక్సెళ్ల ద్వారా బయటికీ పోయాయి. నేను ఆ రిపోర్టు ప్రతి వారం చూస్తూనే ఉన్నాను, టాప్ పది పేజీలు చూసి మూసేసేవాణ్ణి! మీరు ఈరోజే పేజీల రిపోర్టులో సెర్చ్ బాక్స్ దగ్గర 'ఎట్ ద రేట్' గుర్తు కొట్టి చూడండి. ఏదైనా వస్తే ముందు ఫారమ్ సరిచేయించండి, తర్వాత పడ్డ డేటాని డిలీట్ చేయమని రిక్వెస్ట్ పెట్టండి. ఇలాంటి వ్యక్తిగత వివరాలు పంపడం గూగుల్ నియమాలకే విరుద్ధం.

బ్యానర్, అనుమతి

జనం డేటాని కాపాడే చట్టాల్లో యూరప్‌లో జీడీపీఆర్ 2018 మే 25 నుంచి, కాలిఫోర్నియాలో సీసీపీఏ 2020 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి, ఇండియా చట్టం 2023లో పాసైంది. మీ కస్టమర్లు ఎక్కడున్నారో చూసుకుని వకీలుని అడగండి, నేను వకీలుని కాదు. పనిలో నాకు తెలిసింది మాత్రం ఇది: ముందే టిక్ పెట్టేసిన బాక్సు అనుమతి కిందకి రాదని యూరప్ కోర్టు 2019లోనే తేల్చింది. 'ఒప్పుకుంటున్నాను' ఒక్క నొక్కుతో, 'వద్దు' మాత్రం చాలా నొక్కుల తర్వాత దొరికేలా పెట్టినందుకు 2022 జనవరిలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. కాబట్టి రెండు బటన్లూ పక్కపక్కన, ఒకే సైజులో, ఒకే రకం రంగులో.

పెట్టాక పరీక్షించండి. మొదట చేసిన నెట్‌వర్క్ ట్యాబ్ పనే మళ్లీ. 'వద్దు' నొక్కి, నాలుగు పేజీలు తిరిగి, యాడ్ పిక్సెళ్లు కదులుతున్నాయేమో చూడండి. నా డేటా అమ్మొద్దు అని బ్రౌజర్ నుంచి వచ్చే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ అనే సిగ్నల్‌ని కూడా పట్టించుకోవాలి, కాలిఫోర్నియాలో 2022లో కాస్మెటిక్స్ కంపెనీ సెఫోరా 12 లక్షల డాలర్లు కట్టి రాజీ పడిన కేసులో ఇదీ ఒక ఆరోపణే.

హ్యాష్ చేశాం (అంటే ఈమెయిల్ ఐడీని అర్థంకాని కోడ్‌గా మార్చేశాం) కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేరు అని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక ఈమెయిల్ ఐడీని ఒకే పద్ధతిలో ఎక్కడ హ్యాష్ చేసినా అదే కోడ్ వస్తుంది. మీ కస్టమర్ల లిస్టుని యాడ్ ప్లాట్‌ఫామ్ మ్యాచ్ చేయగలిగేది సరిగ్గా అందుకే. పేరు దాచినట్టే ఉంటుంది, మనిషి దొరికిపోతూనే ఉంటాడు. ఆ లిస్టు ఎక్కించే ముందు కస్టమర్లకి ఆ సంగతి చెప్పారా లేదా చూసుకోండి.

యాడ్ పనిచేసిందా అన్న అసలు ప్రశ్న

ప్రతి ప్లాట్‌ఫామ్ తన రిపోర్టులో తాను తెచ్చిన ఆర్డర్లు ఇన్ని అని చెప్తుంది. అన్నీ కూడితే మీకు అసలు వచ్చిన ఆర్డర్ల కంటే ఎక్కువ తేలడం మామూలే, ఒకే పెళ్లికి నలుగురు మధ్యవర్తులు వచ్చి సంబంధం నేనే కుదిర్చానన్నట్టు. ఇంకా ఎక్కువ ట్రాకింగ్ పెడితే ఈ తగువు తీరదు. యాడ్ చూశాక కొన్నాడన్నది తెలుస్తుంది కానీ, యాడ్ లేకపోయినా కొనేవాడా అన్నది తెలియదు.

దానికి ఉన్న దారి ఆపి చూడడమే. మీరు అమ్మే ప్రాంతాలని ఒకే తీరుగా అమ్మకాలున్న రెండు గుంపులుగా విడదీయండి, ఒక గుంపులో ఆ యాడ్స్ నాలుగు వారాలు ఆపండి, రెండోదాంట్లో నడవనివ్వండి, పండగలు, ఆఫర్లు మధ్యలో రాకుండా చూసుకోండి. చివర్లో రెండు చోట్లా ఆర్డర్లు ముందు నెలతో పోలిస్తే ఎంత మారాయో చూడండి. ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే తన పేరు మీదే వేసుకునే సెర్చ్ యాడ్స్‌ని కొన్ని సెర్చ్ ఇంజిన్లలో ఆపి చూసింది. ఆ క్లిక్కులు దాదాపు మొత్తం మామూలు సెర్చ్ ఫలితాల ద్వారా ఉచితంగా వచ్చేశాయి. మీ దగ్గర కూడా అలాగే జరగాలని లేదు, పేరు తెలియని బ్రాండ్‌కి ఫలితం వేరుగా ఉండొచ్చు, చేసి చూస్తేనే తేలుతుంది. ఈ పరీక్షకి ఒక్క మనిషి వివరం కూడా అక్కర్లేదని గమనించండి, ఊరు పేరూ ఆర్డర్ల సంఖ్యా ఉంటే సరిపోయింది. అమ్మకాలు మరీ తక్కువైతే మాత్రం తేడా నిజమైనదో గాలివాటమో చెప్పలేం, అప్పుడు కొన్నవాళ్లని చెకౌట్ దగ్గర "మా గురించి ఎక్కడ విన్నారు?" అని అడిగేయండి. మోటుగా ఉంటుంది కానీ చాలాసార్లు డ్యాష్‌బోర్డులో కనబడని జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంకొక్కటి, ఇది చాలామంది ఆలస్యంగా చూసుకునేది. అనలిటిక్స్, ట్యాగ్ మేనేజర్, యాడ్ అకౌంట్లు అన్నీ మీ కంపెనీ ఈమెయిల్ మీదే ఉండాలి, ఏజెన్సీకి యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి. అడ్మిన్ల లిస్టు తెరిచి, వెళ్లిపోయిన ఉద్యోగుల పేర్లు, మార్చేసిన ఏజెన్సీల ఐడీలు ఇప్పుడే తీసేయండి. మూడు నెలలకోసారి ఆ లిస్టు, నెట్‌వర్క్ ట్యాబ్ రెండూ చూసేలా క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టుకుని, దాన్ని టీమ్‌లో ఒక్కరి పేరు మీద వేయండి. అందరి పేరు మీద వేస్తే ఎవరూ చూడరు.