వెతకడం మొదలెట్టక ముందే ఎక్కడ ఆగాలో రాసుకోండి

ఉన్న దారులన్నీ చూసి, లాభనష్టాలన్నీ బేరీజు వేసి నిర్ణయించడం మనిషి వల్ల కాదు. సమయం, సమాచారం, బుర్రకు పట్టే లెక్క మూడూ తక్కువే. అందుకే జనం అన్నిటికంటే మంచిదాని కోసం కాక, సరిపోయేదాని కోసం వెతుకుతారని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1950లలోనే చెప్పాడు. 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే, సరిపోయేది అంటే ఏదో మనం ముందుగా రాసుకోం.

అద్దె ఇల్లు చూడాలన్నా, ఉద్యోగం మారాలన్నా, మొదటిదాన్ని చూడక ముందే షరతులు కాగితం మీద పెట్టండి. నాలుగు చాలు, అంతకు మించి ఒకేసారి మనసులో నిలవడం కష్టం. ప్రతిదానికీ కొలత ఉండాలి. ‘ఆఫీసుకు దగ్గర’ అని రాస్తే, నచ్చిన ఇల్లు ఎంత దూరమున్నా దగ్గరే అనిపిస్తుంది. ‘ప్రయాణం 40 నిమిషాలు దాటకూడదు’ అని రాయండి. నాలుగు షరతులకూ నిలిచిన మొదటిదాన్ని తీసుకుని వెతుకులాట ఆపేయండి. పది చూసినా ఏదీ నిలవకపోతే ఒక షరతు సడలించొచ్చు. అయితే ఆ పని ఇంటికొచ్చాక చేయండి, నచ్చిన గుమ్మంలో నిలబడి కాదు.

ఒకేసారి రెండు మూడు నిలిచాయా? ఒక్కో షరతుకు 10కి ఇన్నని మార్కులు వేసి కూడండి. ‘ఇది ముఖ్యం, దీనికి రెట్టింపు’ అంటూ తూకాలు మార్చడం మొదలెడితే, ముందే మనసుపడ్డదాన్ని గెలిపించేదాకా మారుస్తూనే ఉంటాం. అన్నిటికీ సమాన తూకం ఇచ్చినా అంచనాలు బాగానే కుదురుతాయని మనస్తత్వవేత్త రాబిన్ డావ్స్ 1979లో చూపించాడు.

అంకెలతో మరింత జాగ్రత్త, ముందు కంటబడ్డ అంకె మన అంచనాను తనవైపు లాగేస్తుంది. మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ 1974లో ప్రచురించిన ప్రయోగంలో జనం ముందు ఒక అంకెల చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. చక్రం 10 దగ్గర ఆగడం చూసినవాళ్ల మధ్యస్థ అంచనా (వరసగా పేరిస్తే నడిమిది) 25 శాతం, 65 దగ్గర ఆగడం చూసినవాళ్లది 45 శాతం. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు! కాబట్టి అవతలివాళ్లు జీతమో అద్దో చెప్పక ముందే మీ అంకె రాసుకోండి. నలుగురు కలిసి తేల్చేదైతే ఎవరికి వారు చీటీ మీద రాశాకే మాట్లాడుకోవాలి. పెద్దాయన నోరు విప్పాక రాసిన చీటీలు దండగ.

గడువు లెక్కేసేటప్పుడు పనిని ముక్కలు చేసి రోజులు కూడితే తక్కువే తేలుతుంది, అడ్డంకులు ఆ జాబితాలో ఉండవు గనక. ఇలాంటి పనికి గతంలో నిజంగా ఎన్నాళ్లు పట్టిందో అదే వేసుకోండి.

మర్నాడు వెనక్కి తీసుకోగలిగిన చిన్న నిర్ణయాలకు ఈ తతంగమేదీ అక్కర్లేదు.