థండర్‌బర్డ్ ఆర్కైవ్‌లో పాత మెయిల్ కనబడట్లేదా? కాంపాక్ట్ మాత్రం నొక్కొద్దు

కర్నూలు ఆడిటర్ ఆఫీసుల్లో, ఆదోని పత్తి వ్యాపారుల దగ్గర కంప్యూటర్లు చూసే పని నాది. అక్కడ మెయిల్స్ చూసుకోడానికి థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్, పాతవి దాచుకోడానికి అందులోని ఆర్కైవ్ వాడతారు. టాక్స్ ఆడిట్ గడువు దగ్గరపడిందంటే చాలు, "అన్నా, నాలుగేళ్ల కిందటి బిల్లు ఆర్కైవ్‌లో పెట్టింటిమి, ఇప్పుడు లేదు" అని ఒకటే ఫోన్లు. చాలాసార్లు ఆ మెయిల్ ఫైల్లో భద్రంగానే ఉంటుంది, లిస్టులో కనబడదు, అంతే. దాన్ని నిజంగా పోగొట్టేది ఆ తర్వాత టెన్షన్‌లో మనం నొక్కే బటన్లే, ముఖ్యంగా ఫైల్ సైజు తగ్గించే కాంపాక్ట్.

ముందు థండర్‌బర్డ్ మూసేసి, మీ మెయిల్స్, సెట్టింగ్స్ అన్నీ ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అదెక్కడుందో తెలియకపోతే మూసే ముందే హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్తే, ఫోల్డర్ తెరిచే బటన్ అక్కడే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, హార్డ్‌డిస్క్ వాడండి.

ఇక వెతకడం. లిస్టులో కొన్ని మెయిల్స్‌నే చూపించే క్విక్ ఫిల్టర్‌ను పిన్ చేసి మర్చిపోయారేమో చూడండి. పైనున్న సెర్చ్ బాక్స్‌ను నమ్ముకోకుండా, కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కి, సబ్‌ఫోల్డర్లు కూడా వెతకమని టిక్ పెట్టి, పంపినవాళ్ల అడ్రస్‌తో వెతకండి. ఆర్కైవ్ మామూలుగా సంవత్సరాలవారీగా ఫోల్డర్లు చేస్తుంది, ఆ సంవత్సరాన్ని మెయిల్ మీదున్న తేదీని బట్టి తీసుకుంటుంది. అవతలివాళ్ల పాత కంప్యూటర్లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి గడియారం 2009 చూపిస్తుంటే, 2021లో వచ్చిన బిల్లు కూడా పోయి 2009 ఫోల్డర్లో కూర్చుంటుంది. అక్కడెవరు వెతుకుతారు చెప్పండి!

అప్పటికీ దొరకలేదంటే ప్రొఫైల్లోకి వెళ్లండి. ఆర్కైవ్ లోకల్ ఫోల్డర్స్‌లో, అంటే మీ కంప్యూటర్లోనే ఉంటే మెయిల్, లోకల్ ఫోల్డర్స్, ఆర్కైవ్స్.ఎస్‌బీడీ వరుసలో లోపలికి పోతే, 2021 అని ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్ ఒకటి, 2021.ఎంఎస్ఎఫ్ ఇంకోటి కనబడతాయి. మెయిల్స్ ఉండేది మొదటిదాంట్లో, రెండోది లిస్టు చూపించడానికి వాడే ఇండెక్స్ మాత్రమే. మొదటిది వందల ఎంబీలుండి, లిస్టులో పదో పదిహేనో మెయిల్స్ కనబడుతుంటే ఇండెక్స్ పాడై ఉండొచ్చు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. కానీ ఆర్కైవ్ ఐమ్యాప్ అకౌంట్ (మెయిల్స్ అసలు సర్వర్లోనే ఉండే రకం) కిందుంటే ఆగండి. అక్కడ రిపేర్ అంటే లోకల్ కాపీని పక్కనబెట్టి సర్వర్ నుంచి మళ్లీ దింపుకోవడం, సర్వర్లో అది లేకపోతే ఇక్కడున్నదీ పోతుంది. వెబ్‌మెయిల్‌లోకి లాగిన్ అయి, ట్రాష్‌తో సహా చూసుకున్నాకే రిపేర్ జోలికి వెళ్లండి.

డిలీట్ అయిందని అనుమానముంటే, కాపీలో ఉన్న ఆ ఎక్స్‌టెన్షన్ లేని ఫైల్‌ను నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. సబ్జెక్ట్ తెలుగులో ఉంటే ఫైల్లో అది కోడ్ అక్షరాలుగా ఉంటుంది, కాబట్టి మెయిల్ అడ్రస్‌తోనే వెతకండి. ఆ మెయిల్ పైనుండే వివరాల లైన్లలో (హెడర్లలో) ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే లైన్ దగ్గర 0009 అని ఉంటే, చదివి డిలీట్ చేసిందన్నమాట. వేరే ఫోల్డర్‌కి జరిపినా ఇదే గుర్తు పడుతుంది. 0009ని 0001 చేసి, సేవ్ చేసి, థండర్‌బర్డ్ మూసి ఉండగానే ఈ ఫైల్‌ను పాతదాని స్థానంలో పెట్టి, పక్కనున్న ఎంఎస్ఎఫ్‌ను తీసేసి, అప్పుడు తెరిస్తే మెయిల్ తిరిగి లిస్టులోకి వస్తుంది. కాంపాక్ట్ చేసేసుంటే మాత్రం ఈ దారి లేదు, ఎందుకంటే ఆ పని డిలీట్ అయినవాటిని ఫైల్లోంచి పూర్తిగా ఊడ్చేస్తుంది. పాత బ్యాకప్ ఉంటే చూసుకోవాల్సిందే.

కాంపాక్ట్ దానంతటదే కూడా జరుగుతుంది. సెట్టింగ్స్‌లో డిస్క్ స్పేస్ దగ్గర, చేసే ముందు ప్రతిసారీ అడగమని టిక్ పెట్టండి. ఆఫీసులో పదిమంది వాడే కంప్యూటరైతే, అడిగినప్పుడు సరే అనొద్దని వాళ్లకూ చెప్పండి.