బండి నడుస్తూ నడుస్తూ కరెంట్ పోతోందా? ఫాల్ట్ దొరకబట్టే పద్ధతి ఇదీ

ఉన్నట్టుండి పోయి, మళ్ళీ దానంతటదే వచ్చే కరెంట్ ప్రాబ్లమ్ అంత విసిగించేది బైక్‌లో ఇంకోటి ఉండదు. బండి పూర్తిగా చచ్చిపోయి ఉంటే మీటర్ పెట్టి తేల్చెయ్యొచ్చు, ఇదేమో రోడ్డు మధ్యలో ఆగిపోతుంది, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, ఆయన బాగానే ఉంది కదా అంటాడు. అప్పుడు చాలామంది చేసేది పార్టులు మార్చుకుంటూ పోవడం, ముందు బ్యాటరీ, తర్వాత సీడీఐ (స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా), తర్వాత కాయిల్, ఒకవేళ బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు, ఎందుకంటే పార్టు మార్చేటప్పుడు కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) పీకి మళ్ళీ పెడతాం కదా, ఆ పీకి పెట్టడంతోనే లూజ్ కాంటాక్ట్ కొన్నాళ్ళు సర్దుకుంటుంది. అందుకే నేను గట్టిగా పట్టుకునే రూల్ ఒకటే: ఫాల్ట్‌ని మన చేతులతో మనమే తెప్పించగలిగే దాకా ఏ పార్టూ కొనకూడదు. వైరు కదిపితే పోవాలి, వదిలితే రావాలి, మళ్ళీ కదిపితే మళ్ళీ పోవాలి, అప్పుడే అది దొరికినట్టు లెక్క.

టూల్స్ పెద్దగా అక్కర్లేదు. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి (21 వాట్లది, హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించింది), బండికి సరిపోయే ఫ్యూజులు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. వైరింగ్ డయాగ్రామ్ దొరికితే సగం పని అయిపోయినట్టే, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

మీటర్ చేతిలోకి తీసుకోకముందే ఒక పని ఉంది. ఈసారి బండి ఆగినప్పుడు వెంటనే కీ ఆఫ్ చెయ్యకండి. పక్కకి తీసుకుని ఏమేం చచ్చాయో, ఏమేం బతికున్నాయో చూడండి, హారన్ కొట్టండి, ఇండికేటర్ వెయ్యండి, బ్రేక్ లైట్ చూడండి. మొత్తం డ్యాష్‌బోర్డ్‌తో సహా అన్నీ పోయాయంటే ప్రాబ్లమ్ మెయిన్ లైన్‌లో ఉంది, అంటే బ్యాటరీ టెర్మినల్స్, మెయిన్ ఫ్యూజ్, ఇగ్నిషన్ లాక్, మెయిన్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని చాసిస్‌కి, ఇంజన్‌కి కలిపే వైరు), ఈ నాలుగిట్లో ఒకటి. డిజిటల్ మీటర్ ఉన్న బండి అయితే గడియారం చూడండి, టైమ్ మొదటికి వచ్చేసి ఉంటే కీ దాటకముందే, అంటే బ్యాటరీ దగ్గరో మెయిన్ ఫ్యూజ్ దగ్గరో సప్లై తెగిందని అర్థం, ఎందుకంటే చాలా బండ్లలో గడియారానికి కీ ఆఫ్‌లో కూడా కరెంట్ వస్తూనే ఉంటుంది. అలా కాకుండా లైట్లు, హారన్ అన్నీ బాగుండి ఇంజన్ ఒక్కటే ఆగితే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్), సైడ్ స్టాండ్ స్విచ్ (స్టాండ్ వేసి ఉంటే గేర్‌లో ఇంజన్‌ని ఆపేసేది), ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చేది), పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చేది) వైపు వెళ్ళాలి. ఒక్క లైటే పోతుంటే ఆ లైటుకి వెళ్ళే వైరూ దాని ఎర్తూ, అంతే.

ఇంకోటి, ఇంజన్ ఎలా ఆగిందో గుర్తు పెట్టుకోండి. కరెంట్ పోతే స్విచ్ ఆఫ్ చేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే ముందు పికప్ తగ్గి, కొంచెం ఈడ్చి, తర్వాత ఆగుతుంది. ట్యాంక్ మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా అచ్చం ఇలాగే కాసేపాగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది, ఆగిన వెంటనే మూత తీసి చూస్తే గాలి లోపలికి పీల్చుకున్న సౌండ్ వస్తుంది. ఇది తెలియక వైరింగ్ మొత్తం విప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంజెక్షన్ బండి అయితే కీ ఆన్ చెయ్యగానే పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమంటుంది, ఆగినప్పుడు ఆ సౌండ్ రాకపోతే పంపుకి కరెంట్ అందట్లేదు, లేదా పంపే పోయింది.

ఇప్పుడు బ్యాటరీ. బండి రాత్రంతా ఊరికే ఉన్నాక చూస్తే ఫుల్ చార్జ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందకి పడిపోతే బ్యాటరీ వీక్ అయిందనో చార్జ్ లేదనో అర్థం. అయితే వోల్టేజ్ కంటే ముందు టెర్మినల్ బోల్టులు చూడండి. స్పానర్‌తో టైట్‌గానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ వైరు చివర ఉన్న లగ్‌ని వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పితే కదులుతుంది, బోల్టు అడుగుకి తగిలి టైట్ అయింది తప్ప లగ్‌ని నొక్కట్లేదన్నమాట. అది కదిలితే ఇంకెక్కడా వెతకకండి, ముందు దాన్ని సరిచేసి బండి నడిపి చూడండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర, లేదంటే పాజిటివ్ మీద ఉన్న స్పానర్ చాసిస్‌కి తగిలి నిప్పులొస్తాయి.

ఫ్యూజ్‌ని కంటితో చూసి బాగుంది అనుకోవద్దు. లోపల తీగ సన్నగా చీలి ఉండొచ్చు, కుదుపుకి తెగి మళ్ళీ తగులుతుంది. కీ ఆన్ చేసి, లైట్లు వేసి, ఫ్యూజ్ తియ్యకుండానే, మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఫ్యూజ్ వీపు మీద కనిపించే రెండు మెటల్ చుక్కల మీద ఒకదాని తర్వాత ఒకటి ఎర్ర ప్రోబ్ పెట్టి వోల్టేజ్ చూడండి, రెండు వైపులా బ్యాటరీ వోల్టేజే రావాలి. ఫ్యూజ్ హోల్డర్ కాళ్ళు వేడికి గోధుమరంగులోకి మారి ఉంటే అక్కడ పట్టు వదులైందని గుర్తు, హోల్డర్ మార్చెయ్యడమే.

ఇక అసలు పని, కదిపి చూడటం. కీ ఆన్ చేసి, హెడ్‌లైట్ వేసి, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పండి. లైటు మినుకుమంటే అక్కడే ఆగండి. వైరింగ్‌లో ఎక్కువగా అలిసిపోయేది హ్యాండిల్ కింద మెడ దగ్గర వంగే భాగం, తిప్పిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి, పైన ప్లాస్టిక్ తోలు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగ తెగిపోయి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక మంచి ఉపాయం ఉంది: టేపు విప్పి ఒక్కో వైరునీ రెండు వేళ్ళతో పట్టుకుని కొద్దిగా లాగండి, లోపల రాగి ఉన్న వైరు బిర్రుగా ఉంటుంది, తెగిన చోట మాత్రం రబ్బరులా సాగుతుంది. తర్వాత కీని లాక్‌లో పెట్టి ఉంచి పైకి కిందకి, పక్కలకి మెల్లగా కదపండి, బరువైన కీ గుత్తి వేలాడే బండ్లలో లాక్ కాంటాక్టులు అరిగిపోతాయి. కిల్ స్విచ్‌ని చాలాసార్లు ఆన్ ఆఫ్ చేసి చూడండి, ఎప్పుడూ వాడకపోవడం వల్లే అందులో మసి పట్టి ఉంటుంది. ఒక్కోసారి ఒక్క చోట మాత్రమే కదపాలి, నాలుగు వైర్లు కలిపి గుంజితే ఏది దోషో తెలీదు.

బీప్ టెస్ట్ గురించి ఇక్కడ చెప్పి తీరాలి, జనం ఎక్కువగా మోసపోయేది దీంట్లోనే. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టి వైరుకి రెండు వైపులా తగిలిస్తే బీప్ వస్తుంది, వైరు బాగుందనుకుంటాం. కానీ మీటర్ పంపే కరెంట్ ఒక మిల్లీ ఆంపియర్ లెక్కలో ఉంటుంది, ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది. అదే వైరు మీద 60 వాట్ల హెడ్‌లైట్ 5 ఆంపియర్లు లాగేసరికి వేడెక్కి చేతులెత్తేస్తుంది. కాబట్టి వైరు మీద లోడ్ పెట్టి చూడాలి. అనుమానం ఉన్న వైరు చివర మన 21 వాట్ల బల్బు తగిలించి రెండో వైరుని బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి, ఫుల్‌గా వెలిగితే వైరు ఓకే, మసగ్గా వెలిగితే మధ్యలో ఎక్కడో తినేస్తోంది.

ఎక్కడ తినేస్తోందో తేల్చేది వోల్టేజ్ డ్రాప్ టెస్ట్, ఇది నేర్చుకుంటే మిగతా గైడ్ మొత్తం మర్చిపోయినా పర్లేదంటాను. మీటర్‌ని డీసీ 20 వోల్టుల్లో పెట్టండి. హెడ్‌లైట్ వెలుగుతుండగా ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల ప్రోబ్ హెడ్‌లైట్ కప్లర్‌లో పాజిటివ్ వైరు వెనక నుంచి గుచ్చి పెట్టండి. ఇప్పుడు కనిపించేది దారిలో పోగొట్టుకున్న వోల్టేజ్. అర వోల్టు లోపు ఉంటే బాగున్నట్టే, ఒకటిన్నర రెండు వస్తోందంటే ఎక్కడో దొంగ ఉన్నాడు. బ్యాటరీ మీద ప్రోబ్ కదపకుండా నల్ల ప్రోబ్‌ని వెనక్కి తెచ్చుకుంటూ రండి, స్విచ్ దగ్గర, లాక్ కప్లర్ దగ్గర, ఫ్యూజ్ దగ్గర, ఏ రెండు పాయింట్ల మధ్య నంబర్ ఒక్కసారిగా తగ్గిందో ఫాల్ట్ ఆ రెంటి మధ్యే ఉంది. ఎర్త్‌కి కూడా ఇంతే, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, ఇంకోటి ఇంజన్ మీద పెయింట్ లేని బోల్టుకి పెట్టి సెల్ఫ్ కొట్టించండి, 0.2 లోపు ఉండాలి, 0.3 దాటితే ఎర్త్ వైరు విప్పి, లగ్గూ చాసిస్సూ మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించండి.

బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండిది వేరే కథ. ఇగ్నిషన్ కాయిల్‌లో గానీ పికప్ కాయిల్‌లో గానీ లోపల సన్నటి తీగ తెగి ఉంటుంది, వేడికి విడిపోతుంది, చల్లబడితే మళ్ళీ అతుక్కుంటుంది. ఇది చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎప్పుడూ కరెక్ట్ రీడింగే వస్తుంది, అందుకని ఆగిన క్షణంలోనే చెక్ చెయ్యాలి. స్పేర్ ప్లగ్ ఒకటి దగ్గర పెట్టుకుని, ఆగగానే ప్లగ్ క్యాప్ పీకి స్పేర్ ప్లగ్‌కి తొడిగి, దాని ఒంటిని ఇంజన్ మెటల్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టండి, అసలు ప్లగ్‌ని దాని చోటే ఉండనివ్వండి, లేకపోతే ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వచ్చి స్పార్క్‌కి అంటుకుంటుంది. స్పార్క్ లేదా, వెంటనే రెండు కాయిల్స్ ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడండి. రాగికి వేడి 50 డిగ్రీలు పెరిగితే రెసిస్టెన్స్ సుమారు 20 శాతం పెరగడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు, రీడింగ్ అసలే రాకుండా ఓపెన్ చూపిస్తేనో, కాయిల్ కదిపితే నంబర్ గెంతుతుంటేనో అది పోయినట్టు. ఇంట్లో ట్రై చెయ్యాలంటే కాయిల్ విప్పి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మీటర్ చూడండి.

వానలో మాత్రమే ఆగుతుందా, రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్ చేసి ప్లగ్ వైరు, క్యాప్ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ళు తుంపరగా కొట్టండి, లీక్ ఉంటే నీలం రంగులో మెరుపులు కనిపిస్తాయి. చెయ్యి మాత్రం దగ్గరికి పెట్టొద్దు.

సైడ్ స్టాండ్ స్విచ్ కింద బురదలో ఉంటుంది కాబట్టి దాన్ని ఎప్పుడూ అనుమానించాలి. గేర్‌లో వెళ్తుంటే గుంతలో పడగానే ఆగిందంటే మొదట చూడాల్సింది అదే. బ్యాటరీ లేకున్నా నడిచే పాత ఏసీ సీడీఐ బండ్లలో ఇంకో సంగతి, వాటిలో కిల్ వైరు ఎర్త్‌కి తగిలితేనే ఇంజన్ ఆగుతుంది, ఆ వైరు ఎక్కడో తోలు ఒరిసి చాసిస్‌కి తగిలినా ఆగుతుంది. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు విడదీసి నడిపితే ప్రాబ్లమ్ పోతే దొరికినట్టే, కాకపోతే అప్పుడు కీతో ఇంజన్ ఆగదు, బ్రేక్ పట్టి గేర్‌లో మెల్లగా క్లచ్ వదిలి ఆపాలి, కాబట్టి ఖాళీ స్థలంలోనే చెయ్యండి.

చార్జింగ్ త్వరగా చూసెయ్యొచ్చు. ఇంజన్ 4000, 5000 ఆర్పీఎంలో ఉంచి బ్యాటరీ మీద చూస్తే సుమారు 13.8 నుంచి 14.5 ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజ్‌ని అదుపులో ఉంచేది) పోయింది, 13 దాటకపోతే మ్యాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంట్ పుట్టించేది) నుంచి వచ్చే మూడు వైర్ల కప్లర్ విప్పండి (చాలా బండ్లలో మూడూ పసుపే), కరిగి నల్లబడిన పిన్ను కనిపించే ఛాన్స్ ఎక్కువ.

ఫ్యూజ్ ఎప్పుడో ఒకసారి ఎగిరిపోతుంటే కొత్త ఫ్యూజులు తగలెయ్యొద్దు, అంతకంటే పెద్ద ఆంపియర్ ఫ్యూజ్ అసలే వెయ్యొద్దు, వైరింగ్ కాలిపోతుంది. ఎగిరేది లైట్లదో హారన్‌దో ఫ్యూజ్ అయితే, దాని బదులు ఆ రెండు కాళ్ళకీ 21 వాట్ల బల్బు తగిలించి, ఆ లైన్ మీద ఉన్న బల్బులూ అవీ ఊడదీసేసి, కీ ఆన్ చేసి వైరింగ్‌ని ట్యాంక్ కింద, సీటు కింద, మెడ దగ్గర కొంచెం కొంచెంగా నొక్కుతూ కదపండి. ఎక్కడ కదిపితే బల్బు ఫుల్‌గా వెలుగుతుందో అక్కడే వైరు ఒరిసి ఎర్త్ అవుతోంది.

దొరికాక టేపు చుట్టేసి వదిలెయ్యకండి. తెగిన చోటికి రెండు వైపులా నల్లబడిన రాగి పోయేదాకా కోసి, కొత్త ముక్క కలిపి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబ్ వేడి చేసి ఎక్కించండి, ఆ జాయింట్ మాత్రం వంగే చోట పడకూడదు, సోల్డర్ దగ్గర వైరు బిగుసుకుపోయి మళ్ళీ అక్కడే తెగుతుంది. కప్లర్‌లో ఆకుపచ్చ తుప్పు ఉంటే క్లీనర్ కొట్టి ఆరాక, ఆడ పిన్నుని సన్నటి సూదితో కొంచెం దగ్గరికి నొక్కి, డైఎలక్ట్రిక్ గ్రీజు (కనెక్టర్లలోకి తేమ రానివ్వనిది) పూసి పెట్టండి. చివరగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి వైర్లు ఎక్కడా బిగుసుకోవట్లేదని చూశాకే జిప్ టైలు బిగించండి, అప్పుడు మళ్ళీ హెడ్‌లైట్ వేసి, ఇందాక ఎలా కదిపితే పోయిందో అచ్చం అలాగే కదపండి, ఇంజన్ స్టార్ట్ చేసి ఇంకోసారి కదపండి, ఇప్పుడు పోకూడదు.